హైమ చేసిన గుడ్డుబన్ను

గోపీచంద్‌ని పెళ్ళి చేసుకుని గాయత్రి ఆకివీడు వచ్చేటప్పటికి అతని కూతురు సాయిప్రియకి పదేళ్ళు. ఆ పిల్ల తల్లి హైమ పోయి అప్పటికి రెండేళ్ళయింది. ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి. ఏడాదిన్నరపాటు వారానికి రెండుసార్లు ఏలూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంది. చివరికి ఒక గురువారం అక్కడే ఆసుపత్రిలో కన్నుమూసింది.

గోపీచంద్ చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాడు. పొద్దున్నే రొయ్యల రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చేస్తారు కాబట్టి ఆదివారం కూడా ఓ పూట వెళ్ళాల్సిందే.

గాయత్రి తాడేపల్లిగూడెంలో ఓ ప్రైవేటు స్కూల్లో పదేళ్ళు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పింది. పిల్లలతో తనకి ఇబ్బంది ఉండదనుకుంది. నిజానికి సాయిప్రియ ఏ ఇబ్బందీ పెట్టలేదు. పిలిస్తే పలికేది, చెప్పిన పని చేసేది, ‘మీరు’ అని మర్యాదగా మాట్లాడేది. తిండి మాత్రం తినేది కాదు. స్కూలుకి పంపిన క్యారేజీ సగానికి పైగా అలాగే తిరిగొచ్చేది. మణికట్లు చూస్తే పుల్లల్లా ఉండేవి.

నీకేం ఇష్టమో చెప్పమ్మా, చేసిపెడతానని గాయత్రి చాలాసార్లు అడిగింది. ఏదైనా పర్వాలేదండీ అనేది పిల్ల. జూన్ నెలాఖరున ఒక రోజు మాత్రం కాసేపు ఆలోచించి, “గుడ్డుబన్ను,” అంది. అమ్మ ఆదివారాలు చేసేదని కూడా చెప్పింది.

గాయత్రికి ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం గోపీచంద్‌ని అడిగితే, అదెలా చేసేదో తనకి గుర్తులేదని ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆమె బస్టాండు దగ్గర షంషున్నీసా బేకరీకి వెళ్ళింది. షంషున్నీసా హైమని బాగా ఎరుగును. శనివారం సాయంత్రం వచ్చి నాలుగు తీపి బన్నులు తీసుకెళ్ళేదనీ, ఆ పూట వేసినవి కాకుండా పొద్దుటివి అడిగి మరీ పట్టుకెళ్ళేదనీ చెప్పింది. కొత్త బన్ను మెత్తదనం ఎక్కువై పాలల్లో విడిపోతుందట, ఒక రాత్రి ఆరితే గుడ్డూ పాలూ పట్టుకుని నిలబడుతుందట. నెయ్యి మీద, సన్నటి సెగన కాల్చాలని కూడా హైమే చెప్పిందట.

ఆదివారం గాయత్రి అలాగే చేసింది. బన్నుల్ని అడ్డంగా కోసి, గుడ్లు పాలతో గిలకొట్టి, పంచదారా ఏలకుల పొడీ వేసి, ముంచి పెనం మీద పెట్టింది. ఇల్లంతా కమ్మటి వాసన. సాయిప్రియ ఒక ముక్క తింది. బాగుందండీ అని పళ్ళెం పక్కన పెట్టేసింది. అమ్మ చేసినట్టు ఉందా అని గాయత్రి ఉండబట్టలేక అడిగితే, లేదన్నట్టు తలూపింది. తరువాతి ఆదివారం ఏలకులు మానేసి చేసింది. అప్పుడూ అంతే.

మూడో ఆదివారం గోపీచంద్ ల్యాబ్‌కి వెళ్ళాక గాయత్రి గుడ్లు కొడుతుంటే సాయిప్రియ వంటింట్లోకి వచ్చింది. అల్మారాలోంచి ఉప్పు డబ్బా తీసి గాయత్రి ముందు పెట్టింది.

“పంచదార వద్దండీ. ఇది వెయ్యండి. రెండు చెంచాలు.”

“రెండు చెంచాల ఉప్పు ఎలా తింటావమ్మా?”

“అమ్మ అంతే వేసింది.”

గాయత్రి పొయ్యి కట్టేసింది. పిల్లని తీసుకొచ్చి ముందుగదిలో మంచం మీద కూర్చోబెట్టుకుంది. ఏం జరిగిందో చెప్పమని బలవంతపెట్టలేదు, పక్కన కూర్చుందంతే. చాలాసేపటికి సాయిప్రియ నేలకేసి చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

అమ్మ పోయే ముందు ఆదివారం. ఎన్నాళ్ళకో ఆ రోజు కాస్త ఓపికగా ఉండి, అమ్మ తనే పొయ్యి దగ్గర నిలబడి గుడ్డుబన్ను చేసింది. గుడ్లల్లో తొందరగా కరుగుతుందని ఆవిడ ఎప్పుడూ పంచదార పొడిగొట్టి ఉంచేది. ఆ రోజు ఆ డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీసింది. జబ్బుతో ఆవిడ నాలుకకి రుచే పోయింది. తను సగం బన్ను తిని, పంచదార సరిపోయిందా అని కూతుర్ని అడిగింది. సాయిప్రియ సరిపోయిందమ్మా అని మొత్తం తినేసింది.

“అమ్మ ఉప్పు తినకూడదని డాక్టరు గారు కాయితం రాసిచ్చారు. ఫ్రిజ్ మీద అంటించి ఉండేది. నేను రోజూ చదివేదాన్ని. అయినా చెప్పలేదు. అమ్మ ఎప్పుడూ అంత సంతోషంగా లేదు. అందుకని.” పిల్ల గొంతు మామూలుగానే ఉంది. “బుధవారం ఆయాసం వచ్చింది. గురువారం చచ్చిపోయింది.”

మరి ఇప్పుడు ఆ ఉప్పు నీకెందుకమ్మా అని గాయత్రి అడిగింది.

“అమ్మ తిన్నంత నేనూ తింటే ఏమవుతుందో చూద్దామని.”

గాయత్రి ఆ పిల్లని గట్టిగా దగ్గరకి తీసుకుంది. సాయిప్రియ విడిపించుకోలేదు, ఏడవనూ లేదు. కర్రలా అలాగే ఉండిపోయింది.

పది దాటాక గోపీచంద్ వచ్చాడు. గాయత్రి అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళి అంతా చెప్పింది. వింటూ వింటూ అతను బట్టలు ఉతికే బండ మీద కూలబడ్డాడు.

హైమ పోయే ముందు ఆ ఆదివారం అతను ల్యాబ్ నుంచి ఇల్లు చేరేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ తినేశారట. హైమ అతనికి రెండు బన్నులు పెట్టి ఎదురుగా కూర్చుని, అదే మాట అడిగిందట. మొదటి ముద్దకే అతనికి తెలిసిపోయింది. ఎన్ని తిన్నావని అడిగితే సగమని చెప్పింది. అతను కూడా పంచదార బాగా సరిపోయిందన్నాడు. రెండూ తిన్నాడు. ఆమె పోయిన రోజున డాక్టరుని పక్కకి పిలిచి ఆ సంగతి చెప్పి అడిగాడు. ఆ సగం బన్ను వల్ల కాదనీ, ఆమె గుండె ఎప్పుడో నీరసించిపోయిందనీ, అది మూడు నెలలుగా తెలిసిందేననీ ఆయన చెప్పాడు.

“నేను అడిగి తెలుసుకున్నాను. నా మనసు కుదుటపడింది. పిల్ల మనసులో కూడా అదే ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు గాయత్రీ. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ ఉప్పు తెలియకుండా ఎలా ఉంటుంది? ఒక్కసారైనా అనుకోలేదు.”

“నాకు కాదండీ, ఈ మాట దానికి చెప్పండి,” అంది గాయత్రి.

అతను లోపలికి వెళ్ళి చెప్పాడు. సాయిప్రియ తండ్రి మొహంలోకి చూస్తూ చివరిదాకా విన్నది. “నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావా నాన్నా?” అని అడిగింది. అబద్ధం చెప్పడం ఆ ఇంట్లో అందరికీ వచ్చునని ఆ పిల్లకి తెలుసు.

అందుకని బుధవారం స్కూలు మాన్పించి ముగ్గురూ ఏలూరులో ఆ డాక్టరు దగ్గరకి వెళ్ళారు. ఆయన హైమని మరిచిపోలేదు. పాత ఫైలు తెప్పించి, గోపీచంద్‌ని కాక పిల్లనే ఎదురు కుర్చీలో కూర్చోమన్నాడు. గుండె బొమ్మ గీసి, అందులో ఏది ఎప్పుడు బలహీనపడిందో తేదీలతో చూపించాడు. సగం బన్నులో ఎంత ఉప్పు ఉంటుందని సాయిప్రియ అడిగింది. ఆయన నవ్వలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించి, అంత ఉప్పు మంచిది కాదనీ, అయినా మీ అమ్మ పోయింది దాని వల్ల కాదనీ చెప్పాడు. నువ్వు చెప్పినా, చెప్పకపోయినా ఆ గురువారం ఆగేది కాదమ్మా అన్నాడు.

తిరుగు బస్సులో గోపీచంద్‌కి ముందు సీటు దొరికింది. గాయత్రీ సాయిప్రియా వెనకాల కూర్చున్నారు. కైకలూరు దాటేదాకా పిల్ల కిటికీలోంచి చేపల చెరువులే చూస్తోంది. ఆ తరువాత ఉన్నట్టుండి, “అయితే అమ్మ ఎలాగైనా చచ్చిపోయేదే కదండీ,” అంది.

“అవునమ్మా,” అంది గాయత్రి.

అప్పుడు ఏడ్చింది. గాయత్రి ఒళ్ళో తలపెట్టి, రెండేళ్ళుగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. తల్లి తన వల్ల పోలేదన్న ఊరట కన్నా, ఇక తల్లి లేదన్న బాధే ఆ ఏడుపులో ఎక్కువుందని గాయత్రికి అనిపించింది. బస్సులో జనం తిరిగి చూశారు. గోపీచంద్ లేచి వచ్చి, పక్కన నిలబడ్డాయన్ని కాస్త జరగమని అడిగి, ఆకివీడు వచ్చేదాకా కూతురి వీపు మీద చెయ్యి వేసి నిలబడే ఉన్నాడు.