ఆడచెట్టు మీద గొడ్డలి

గింజలేరే ఆడవాళ్ళ సంఘం ఇచ్చిన పెనాన్ని పొయ్యి మీంచి ఎత్తేసరికి అడుగున బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వితంతువు నికనోరా అడ్డుపడలేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి గుమ్మం పక్కన నిలబడింది. పెనం ఒక చెవి పట్టుకున్నది సంఘం పెద్ద ఇసౌరా, రెండో చెవి ఫిదెలీనా.

సరస్సుకు ఎగువన అడవిలో కాయ పట్టిన ఆడ రమోన్ చెట్లను ఎవరో మొండి చేశారు. మేతకు కొమ్మలు కావాలంటే మగచెట్లే కొట్టాలి, ఆడచెట్టు జోలికి పోకూడదు. అది తాతలనాటి కట్టుబాటు. ఆ కాయలు పండి రాలితేనే గింజలు. మొక్కజొన్న ఎండిన ఏడాది ఆ గింజలతోనే రొట్టె, వేయించి దంచి కాచుకునే నల్లటి వేడి పానీయం. కట్టుబాటు తప్పినవాళ్ళ ఇంటికి ఇక గింజలేరే హక్కు ఉండదు, సంఘం పెనమూ ఉండదు. అనుమానం గుర్రమున్న నికనోరా మీద పడింది. ఆమెకు ఆ గింజలు తప్ప వేరే బతుకుతెరువు లేదు.

"నా గుర్రం ముందున్న కొమ్మలు చూడక్కా, ఒక్క కాయైనా ఉందేమో," అంది నికనోరా.

"దులిపి తెచ్చుంటావులే," అంది ఇసౌరా.

"మొగుడు పోయాక గుర్రాన్నే మొగుణ్ణి చేసుకుంది, మేపక ఏం చేస్తుంది?" వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

ఫిదెలీనా నవ్వలేదు. పొద్దున తమ కంచరగాడిదల కొట్టం ఊడుస్తుంటే మేత గాడిలో ఆకుల మధ్య పచ్చికాయలు కనిపించాయి. మగచెట్టుకు కాయలెక్కడివి? పట్టుకెళ్ళి మొగుడి ముందు పోస్తే ఆన్సెల్మో తల కూడా ఎత్తలేదు. మీరు ఏరుకునే గింజల కోసం నా గాడిదల్ని పస్తు పెట్టమంటావా, మీ సంఘం నాకు కూడు పెడుతుందా అన్నాడు. పోయిన ఏడాది వాన మొహం చాటేసినప్పుడు ఆయన తిన్న రొట్టెలు ఎవరు ఏరిన గింజలవి? బూడిదనీళ్ళలో ఉడకబెట్టి, పొట్టు తీసి, చేతులు బొబ్బలెక్కేలా రుబ్బింది ఎవరు? కొంచెం చేదుగా ఉందని పళ్ళెం తోసేసింది మాత్రం ఆయనే. అత్త పెట్రోనా ఆ కాయల్ని కాలితో పేడలోకి నెట్టింది. మగాడి గొడ్డలి చెట్టు ఆడదా మగదా అని అడిగి కొడుతుందా, ఇంటి గుట్టు బయటపెట్టిన ఆడదానికి ఇల్లుండదు అంది. పదిమందితో కలిసి వెళ్ళు, నువ్వొక్కదానివే వెనకబడితే అనుమానిస్తారని పంపించింది కూడా ఆవిడే. అందుకే వచ్చింది. అందరికంటే ముందు పెనం పట్టుకుంది. ఇన్నేళ్ళూ మొగుడి తప్పుల్ని ఉతికి, ఊడ్చి, కడిగి కనపడకుండా చేసిన చేతులే ఇవి. ఇవాళ ఇంకొకతె పొయ్యి ఆర్పుతున్నాయి.

ఇసౌరా నడవబోయింది. ఫిదెలీనా కదల్లేదు.

"పట్టుకోవే, బరువుగా ఉంది."

ఫిదెలీనా తన వైపు చెవి తిరిగి పొయ్యిరాయి మీదకు దించింది. ఇసౌరా కూడా దించక తప్పలేదు.

గుంపులోంచి అత్త ముందుకొచ్చింది. గొంతు మెత్తగా ఉంది. "ఫిదెలీనా, పద అమ్మా ఇంటికి. నీకు ఒంట్లో బాగాలేదు."

నోరు విప్పితే ఆ ఇంట్లో రాత్రికి పడుకోను తనకు చాప ఉండదని ఫిదెలీనాకు తెలుసు. నికనోరా కళ్ళలోకి చూడలేక ఇసౌరానే చూస్తూ చెప్పింది.

"ఆడచెట్లు కొట్టింది ఆన్సెల్మో, అక్కా. నా మొగుడు."