కాపీ సీడీలో ఆడగొంతు

బస్సు డ్రైవరు డ్యూటీ దిగి ఇంటికి రాగానే కంప్యూటరు గదిలో దూరి తలుపేసుకుంటున్నాడు. పక్కగదిలో బట్టలు కుట్టే అతని భార్యకు సీడీ డ్రైవు గిర్రున తిరిగే చప్పుడు వినబడుతోంది. ఒకసారి లోపలికి వెళ్తే హెడ్‌ఫోన్లలోంచి సన్నగా ఆడగొంతు బయటికొస్తోంది. ఆమె పక్కకొచ్చి నిలబడేదాకా అతను గమనించలేదు. చూడగానే ఉలిక్కిపడి ఆపేశాడు.

"ఏంటండీ అది?"

"పాత పాటలు. కాపీ చేస్తున్నా."

ఆ పాటలు ఇంట్లో ఒక్కసారైనా మోగలేదు. చెత్తబుట్టలో మాత్రం సగంలో పాడైన సీడీలు పడుతున్నాయి. పిలిస్తే పలకడు. మనసిక్కడ లేదని ఆమె తేల్చుకుంది.

"మీ అన్నయ్య వాలకం బాగోలేదు," అంది ఆడపడుచుతో.

"అన్నయ్యా? ఆడవాళ్ళు కనబడితే నోరే పెగలదు కదా వదినా!"

నవ్వొచ్చినా అనుమానం పోలేదు. ఒక సాయంత్రం అతను స్నానానికి వెళ్ళగానే ఆమె హెడ్‌ఫోన్ల వైరు లాగేసి సీడీ పెట్టింది.

"పాట," అంది ఆడగొంతు, ఇల్లదిరేలా. "బాట. ఇప్పుడు నేనన్న రెండో మాట ఏది? గట్టిగా చెప్పండి."

అంతలో అతను తల తుడుచుకుంటూ వచ్చాడు. గొంతు హోరెత్తుతూనే ఉంది. అతను తలైనా తిప్పలేదు. ఆమెను చూశాకే ఆగాడు.

"ఎప్పట్నుంచి వినబడట్లేదు?"

అతను ఆమె పెదాలకేసి చూశాడు. "వానాకాలం నుంచి. ఆస్పత్రి సీడీ తిరిగిచ్చేయాలి. అందుకే ఇంటికొకటి, డిపోకొకటి కాపీ చేసుకుంటున్నా. వింటూ ఉంటే మాటల తేడా తెలుస్తుందన్నారు."

"ఇలాగే బస్సు నడుపుతున్నారా?"

"చెబితే స్టీరింగు ముట్టుకోనివ్వరు."

వేరే ఆడది లేదన్న ఊరట ఆమెకు క్షణమైనా నిలవలేదు. "వెనకనుంచి హారన్ కొడితే?" అంది. అతను తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే కూలబడ్డాడు.

మర్నాడు కుట్టుపని పక్కనపెట్టి అతనితో డిపోకు వెళ్ళింది. మేనేజరు ముందు ఆమె మొదలుపెట్టింది, మిగతాది అతనే చెప్పాడు. చెవికి మిషను వచ్చేదాకా విడిభాగాల గదిలో పని ఇచ్చారు. కొన్నాళ్ళు అతను ముభావంగా తిరిగాడు. ఆమె పట్టించుకోలేదు. పెదాలు కనబడకుండా వెనక నిలబడి తనే మాటలు చెప్పడం మొదలుపెట్టింది.

"గొడవ," అంది.

"గొడుగు."

"గొడవే. నాతో పెట్టుకునేది."

ఈసారి అతనికి నవ్వాగలేదు.