పది నిమిషాలు ఆలస్యంగా మోగిన గంట

1987 జూన్ 11, గురువారం. తెల్లవారకముందు నుంచీ సన్నటి జల్లు పడి ఏడున్నరకు వెలిసింది. గాలి లేదు. మబ్బు ఇళ్ల మీదికి దిగి మూత పెట్టినట్టుంది. అలాంటి తడిపొద్దున శబ్దాలు చాలా దూరం పోతాయి. నాలుగు వీధుల అవతల ఎవరైనా బకెట్టు కింద పెడితే మన గుమ్మంలో పెట్టినట్టే వినిపిస్తుంది. వాతావరణం సంగతి ముందే ఎందుకు చెప్పడమంటే, ఆ రోజు కాస్త గాలి వీచి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

టైలరమ్మ రోజూలాగే ఆరింటికే మిషను ముందు కూర్చుంది. బళ్లు తెరిచే నెల కదా, ఇల్లంతా నీలం గుడ్డ ముక్కలే. ఆ ఊళ్లో రెండే బళ్లు. ఫీజు కట్టి చదివేదానికి పెద్ద ఇనుప గేటు ఉండేది కాబట్టి అది గేటు బడి. సర్కారుదానికి గేటు లేదు, ప్రహరీ కూడా సగమే, కానీ గంట ఉంది. అది గంట బడి. టైలరమ్మ కుట్టేది గేటు బడి యూనిఫాంలు. చదివింది గంట బడిలో.

గంట అంటే నిజానికి గంట కాదు, తీగతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. తొమ్మిదింటికి, పన్నెండింటికి, నాలుగింటికి మోగేది. మోగినప్పుడల్లా ఆ బడిలో ఒక్క ఏడాదైనా చదివినవాళ్లు ఎక్కడున్నా సరే లేచి నిలబడేవాళ్లు. లేవాలనుకుని కాదు, మోకాళ్లు వాటంతటవే లేపేసేవి. పట్టా మూలుగు పూర్తిగా ఆగాక కూర్చోవచ్చు. దీన్ని ఎవరూ వింతగా చూడలేదు, ముక్కులో దుమ్ము పోతే తుమ్ము వచ్చినట్టే అనుకునేవారు. మంగలి తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా కత్తి పక్కన పెట్టి "బాబూ, మీరు ఏ బడి?" అని అడిగేవాడు. పళ్ల డాక్టరు అయితే గోడకి బోర్డే పెట్టాడు. ఉద్యోగానికి మనుషుల్ని చూసుకునే ఆఫీసుల్లో మాత్రం ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. సాయంత్రం మూడూ యాభై అయిదుకి రమ్మని, కూర్చోమనేవారు. అంతే.

అలా ఊరు కూర్చునేవాళ్లు, నిలబడేవాళ్లు అని రెండుగా ఉండేది. మందుల షాపావిడ టైలరమ్మకి పెద్ద మనవల కొలతలు ఇవ్వడానికి వచ్చి, పన్నెండు గంట మోగేదాకా కావాలనే ఉండి, "అయ్యో, మీరు నిలబడేవాళ్లా! చూస్తే అలా అనిపించరు సుమండీ" అనేది. ఏడాదికోసారి కొత్తగా తెలిసినట్టే అనేది.

టైలరమ్మ మొగుడు బస్సు కండక్టరు. అతనిదీ గంట బడే. "ఎలాగూ లేపుతారు కదా, కూర్చోవడమెందుకని నిలబడే ఉద్యోగం చూసుకున్నా" అని ప్రయాణికులతో అంటూ ఉండేవాడు. వాళ్లకి ఆరేళ్ల పాప. ఆ పాపని గేటు బడిలో వెయ్యాలని టైలరమ్మ రెండేళ్లుగా కలగంటోంది. యూనిఫాం కూడా కుట్టి పెట్టేసింది. ఎవరి గుడ్డ మీద మిగిలిన ముక్క వాళ్లది దాచి, అతుకు తెలియకుండా అతికి, పదకొండు మంది పిల్లల మిగుళ్లతో ఒక గౌను. తిరగేసి చూస్తే తప్ప కనిపెట్టలేరు.

చిక్కల్లా ఏమిటంటే, గేటు బడివాళ్లు పిల్లలతో పాటు తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి మాట్లాడతారు. టైలరమ్మని గురువారం ఎనిమిదీ యాభైకి రమ్మన్నారు. తొమ్మిదింటికి గంట. ఇంకో చిక్కు, ఆ గంట కొట్టే ఆయా ఎవరో కాదు, సొంత అత్తగారే.

ముందురోజు సాయంత్రం ఉల్లిపాయలు ఒలుస్తున్న అత్తగారి పక్కన చేరింది.

"అత్తయ్యా, రేపొక్కరోజు తొమ్మిది గంట కాసేపు ఆపుతారా?"

"ఆపడమా? గంటేమన్నా కుళాయా, బిగించి ఆపడానికి?"

"పది నిమిషాలు చాలు. తొమ్మిదీ అయిదుకల్లా మేం బయటపడిపోతాం."

"ఫారంలో నువ్వు చదివిన బడి ఏదని రాశావు?"

"మా పెదనాన్నగారి ఊళ్లో గేటు బడి అని."

"మీ పెదనాన్నకి వేరే ఊరెక్కడిదే? మన వెనక వీధేగా!"

కండక్టరు బూట్లు విప్పుతూ నవ్వాడు. "పోనీలేవే అమ్మా. ఆయనకి ఊరు లేకపోయినా నీ కోడలు బడి మాత్రం కట్టించింది."

"మీరు నవ్వకండి. మీరు రారు, నన్నొక్కదాన్నీ తోస్తారు."

"నాకు డ్యూటీ ఉంది కదా. తండ్రి ఏం చేస్తాడని అడిగితే రవాణా శాఖ అను. అబద్ధం కాదు."

ముసలామె మాత్రం నవ్వలేదు. కత్తి కింద పెట్టింది. "ముప్పై ఒక్క ఏళ్లు. ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. వీణ్ణి కన్న రోజున కూడా పన్నెండు గంట కొట్టాకే ఆస్పత్రికి వెళ్లాను. నేను కొట్టే గంటంటే నీకు సిగ్గా అమ్మాయ్?"

"సిగ్గు కాదత్తయ్యా." టైలరమ్మ గొంతు తగ్గించింది. "రేపు వాళ్ల ముందు నేను లేచాననుకోండి, దీన్ని కూడా జన్మంతా లేపుతారు."

గుమ్మంలో పాప దారపు రీళ్లని వరసగా నిలబెట్టి ఆడుకుంటోంది. ముసలామె దాన్ని చూసింది. ఆమె ఏ బడిలోనూ చదవలేదు. ఊరందరినీ లేపే ఆమె మాత్రం పొట్టి స్టూలు మీద కూర్చునే గంట కొట్టేది. చివరికి కుడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఎడమచేతి వాచీ విప్పింది. ఎప్పుడో రిటైరైపోయిన పెద్ద పంతులు గుర్తుగా ఇచ్చివెళ్లిన వాచీ అది. పక్కనున్న కీ బయటికి లాగి, ముల్లుని పది నిమిషాలు వెనక్కి తిప్పింది.

"ఆలస్యంగా కొట్టడం నాకు చేతకాదు. నా వాచీలో తొమ్మిదైనప్పుడే కొడతాను. వెళ్లు."

గురువారం ఎనిమిదీ నలభైకే తల్లీకూతుళ్లు గేటు బడి వరండాలో బెంచీ మీద ఉన్నారు. బెంచీ కొసన మందుల షాపావిడ, ఈ ఏడు చేరబోయే చిన్న మనవరాలు. "మీరూ వచ్చారా! మంచిది, ప్రయత్నం చెయ్యడంలో తప్పేముంది" అంది ఆవిడ. ఎనిమిదీ యాభై అయింది. యాభై అయిదయింది. ఎవరూ పిలవలేదు. టైలరమ్మ లేచి వెళ్లి ప్యూన్ని అడిగింది.

"మేడమ్ గారు ప్రార్థన అయ్యాకే పిలుస్తారమ్మా. రోజూ తొమ్మిదికి ప్రార్థన. భూకంపం వచ్చినా మారదు."

ఈ ప్రిన్సిపాలు మేడమ్ క్రమశిక్షణ గురించి ఊరంతా చెప్పుకునేవారు. వేరే ప్రాంతం నుంచి వచ్చానని చెప్పి ఆవిడ గేటు బడి పెట్టి పంతొమ్మిదేళ్లయింది. సరిగ్గా తొమ్మిదికి పిల్లలందరి ముందూ నిలబడి ప్రార్థన చేయించేది. సరిగ్గా పన్నెండుకి వరండాలో పచార్లు. సరిగ్గా నాలుగింటికి గేటు దగ్గర తానే నిలబడి ఒక్కో పిల్లనీ సాగనంపేది. ఇంత పెద్దావిడ, ఓ కుర్చీ కూడా వేయించుకోదు అని అందరూ మెచ్చుకునేవారు.

తొమ్మిదయింది. ప్రార్థన మొదలైంది. బెంచీ మీద అందరూ లేచి నిలబడ్డారు. కూర్చునేవాళ్లూ, నిలబడేవాళ్లూ, అందరూ. అప్పుడు తెలిసింది టైలరమ్మకి. గంట రోజూలాగే ఇప్పుడు మోగి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తనే ఆపించింది. గంట బడి అక్కడికి ఒకటిన్నర మైలు. పరిగెత్తి చెప్పడానికి ఎవరున్నారు? తొమ్మిదీ నాలుగుకి ప్యూను తలుపు తీసి ఆమె పేరే పిలిచాడు.

"కూర్చోండి" అంది మేడమ్. గోడకి గడియారం, బల్ల మీద గాజు పేపరు వెయిట్లు నాలుగు. టైలరమ్మ కుర్చీ అంచున కూర్చుంది. పాప మధ్య కుర్చీలో కాళ్లు ఊపుతూ కూర్చుంది.

"మా యూనిఫాంలు కుట్టేది మీరేనట కదా. నీటుగా ఉంటాయి. మీలాంటివాళ్లు కూడా పిల్లల చదువు గురించి ఆలోచించడం నాకు సంతోషం." పాప వైపు తిరిగింది. "ఈ గుడ్డ ఏ రంగు పాపా?"

"నేవీ బ్లూ. కానీ రెండు ఉతుకులకి వెలిసిపోతుందంట, అమ్మ చెప్పింది."

టైలరమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ మేడమ్ నవ్వింది. లెక్కలు అడిగింది, పాప చెప్పింది. పుస్తకం తెరిచి చదవమంది, పాప ఆగకుండా చదివి, "ఇంకో పేజీ చదవనా?" అంది.

"చురుకైన పిల్ల. గంట బడి పిల్లలతో ఆడనిస్తారా?"

"లేదండీ, అస్సలు లేదు." టైలరమ్మ సొంత వీధినంతటినీ ఆ ఒక్క మాటతో కాదనేసింది.

"మంచి పని చేశారు. పాపం వాళ్ల తప్పు కాదనుకోండి. కానీ ఆ బడి ఒంట్లో ఉండిపోతుంది. ఎంత సబ్బు పెట్టి రుద్దినా పోదు." కలం మూత తీసి ఫారం మీద 'చేర్చు' అన్నంతవరకూ రాసింది.

గంట మోగింది.

తడిగాలిలో పక్కగదిలో కొట్టినట్టే మోగింది. టైలరమ్మ లేచింది. బల్లకి అవతల మేడమ్ కూడా లేచింది. రెండు చేతులతో బల్ల అంచుని పట్టుకుని కిందికి నొక్కుకుంటూ, అయినా లేచింది. ఎన్నో ఏళ్లుగా ఆ వేళకి కూర్చుని ఉండి ఎరగదు కదా, మోకాళ్లు ఆమెని విసిరినట్టు లేపాయి. వెనక కుర్చీ దభీమని పడింది. పట్టా మూలుగు ఆగేదాకా ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. పాప ఒక్కతే కూర్చుని, ఒకసారి అమ్మనీ ఒకసారి మేడమ్‌నీ చూసింది.

అప్పుడు టైలరమ్మ ఒక తప్పు చేసింది. నవ్వింది. ఎగతాళికి కాదు. భయమంతా ఒక్కసారి దిగిపోయి, సొంతమనిషి ఎదురుపడితే వచ్చే నవ్వు అది. పైగా, "మీరూనా మేడమ్! ఏ సంవత్సరం?" అని కూడా అడిగేసింది.

మేడమ్ వంగి కుర్చీ లేపి సరిగ్గా పెట్టుకుంది. కూర్చుంది. 'చేర్చు' మీద అడ్డంగా ఒక గీత గీసింది.

"సీట్లు అయిపోయాయి."

"మేడమ్, నేనెవరికీ చెప్పను."

"ఏం చెప్పరు?"

మేడమ్ ప్యూన్ని పిలిచి తర్వాతివాళ్లని పంపమంది. బయటికి వస్తుంటే మందుల షాపావిడ పాప బుగ్గ నిమిరి, "ఇప్పుడేగా గంట మోగింది? అయ్యో" అంది.

మేడమ్ ఆ సాయంత్రమే విద్యాశాఖ ఆఫీసుకి ఉత్తరం రాసింది. సర్కారు బడిలో గంట పది నిమిషాలు ఆలస్యంగా మోగుతోందనీ, బాధ్యత లేని ఇలాంటి సిబ్బంది వల్లనే ఆ బళ్లు అలా తగలడ్డాయనీ. విచారణకి ఇద్దరు వచ్చారు. ముసలామె వాచీ చూపించి, "నా వాచీలో తొమ్మిదే" అంది. ఎవరు చెప్పి చేయించారని ఎంత అడిగినా అదే మాట. పెన్షనుకి ఎనిమిది నెలలుందనగా తీసేశారు. స్టూలు మీద కొత్త ఆయా కూర్చుంది.

ఆ గురువారం దాటిన సోమవారమే పాపని గంట బడిలో చేర్చారు. ఏడాది తిరిగింది. జ్వరమొచ్చి బడి మానేసిన ఒక రోజున పన్నెండు గంట మోగగానే పాప ఇంట్లో అన్నం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే లేచి నిలబడింది. "నాన్నమ్మా, చూడు, నేనూ లేచాను!" అని సంబరపడింది. ముసలామె ముఖం తిప్పుకుంది.

పెద్దయ్యాక పాప మంచి మార్కులతో చదువు ముగించింది. మూడు ఆఫీసులవాళ్లు మూడూ యాభై అయిదుకి పిలిచి కూర్చోమన్నారు. మూడు చోట్లా లేచింది.

మేడమ్ 2003లో పోయింది. చివరి రోజున మంచం మీద లేవలేని మనిషి సరిగ్గా నాలుగింటికి లేచి నిలబడి, నిలబడే పోయిందట. ఎంత పట్టుదల మనిషో అని ఊరంతా చెప్పుకున్నారు. టైలరమ్మ ఆ మాట విని, సూదిలోకి దారం ఎక్కించుకుంది.

మేడమ్ పెట్టిన గేటు బడి ఆవిడ అన్నగారి కొడుక్కి వచ్చింది, ఇల్లు మేనకోడలికి. పదకొండు మంది మిగుళ్లతో కుట్టిన గౌను మందుల షాపావిడ మనవరాలికి సరిగ్గా సరిపోయింది, తిరగేసి చూడలేదు. పిల్లలు లేక 2011లో గంట బడి మూసేశారు. ఆ స్థలం గేటు బడి బస్సులు నిలుపుకోవడానికి వెళ్లింది, పట్టా ముక్క పాత ఇనుములోకి. ముసలామె వాచీ మనవరాలికి వచ్చింది. ఇప్పటికీ పది నిమిషాలు వెనకే నడుస్తుంది, ఎవరూ సరిచెయ్యలేదు. తల్లి మిషను కూడా ఆ పిల్లకే వచ్చింది. దాని మీద గేటు బడి యూనిఫాంలు కుడుతుంది.

కండక్టరుకి ఏమీ రాలేదు. రిటైరయ్యాక వరండాలో కుర్చీ వేసుకున్నాడు. ఊరి గడియారంలో తొమ్మిదైనప్పుడు ఓసారి, కూతురి వాచీలో తొమ్మిదైనప్పుడు మరోసారి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూస్తాడు. లేపేవాళ్లు లేరు.