జాడీలో గొంతు

సైన్స్ టీచర్‌కి భయమేస్తే గొంతు ఆమె దగ్గర నిలవదు. చుట్టుపక్కల బోలుగా ఉన్న వస్తువేదో చూసుకుని అందులోంచి వస్తుంది. ఆ శుక్రవారం పొద్దున వంటింట్లో బల్లి భుజం మీద పడ్డప్పుడు "అమ్మో!" అన్న కేక పంచదార డబ్బాలోంచి వచ్చింది. ముందు గదిలో గడియారం విప్పుకుని కూర్చున్న భర్త తల కూడా ఎత్తలేదు.

"డబ్బా మూత తీసి మాట్లాడు. ఏమంటున్నావో తెలియట్లేదు" అన్నాడు.

చిన్నప్పటినుంచీ అంతే. బళ్లో తనిఖీ జరిగిన రోజు ఆమె పాఠం మొత్తం చాక్‌పీసుల పెట్టెలోంచే వినిపించింది. పిల్లలు పెట్టె వైపు తిరిగి రాసుకున్నారు. తనిఖీకి వచ్చినాయన "కాస్త గట్టిగా చెప్పాలి" అని రిపోర్టులో రాసి వెళ్లిపోయాడు.

ఇంత పిరికి మనిషి కాబట్టే పిల్లలకి గారడీ చూపించడం మొదలుపెట్టింది. చిన్నతనంలో తనని వణికించినవన్నీ వెనక ఎవరో ఒకరు ఉండి ఆడించినవేనని ఆమెకి చాలా ఆలస్యంగా తెలిసింది. పిల్లలకి అంత ఆలస్యం కాకూడదనుకుంది. శుక్రవారం ఆఖరి పీరియడ్ దానికి. ముందు కనికట్టు చేసి చూపించేది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. తర్వాత అదే పని అందరినీ చుట్టూ నిలబెట్టుకుని నెమ్మదిగా చేసేది. "ఓస్, ఇంతేనా!" అని మూతులు ముడిచేవాళ్లు.

ఆ రోజు బల్ల మీద అట్టపెట్టె ఒకటి పెట్టింది. పెట్టె బొంగురు గొంతుతో ఒక్కొక్కరి సంగతీ చెప్పింది. ఎవరు హోంవర్క్ పక్కవాడిది చూసి రాశారో, ఎవరు బస్సులో చెప్పు పోగొట్టుకున్నారో అన్నీ. వెనక బెంచీలవాళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. అప్పుడు టీచర్ బల్ల మీది గుడ్డ తీసింది. పెట్టె అడుగునుంచి ల్యాబు రబ్బరు గొట్టం బల్ల కాలి వెంట కిందికి దిగి, తలుపు సందులోంచి పక్క గదిలోకి పోయింది. అక్కడ అటెండరమ్మ గొట్టానికి గరాటు తగిలించుకుని కూర్చుంది.

"పెట్టె మాట్లాడిందని మీకెవరు చెప్పారు?" అంది టీచర్.

"విన్నాం టీచర్!"

"విన్నది గొంతు. అది పెట్టెదేనని మీరే కలుపుకున్నారు. సరే, మీ సంగతులు దానికెలా తెలిశాయి?"

అటెండరమ్మ తలుపులోంచి తొంగి చూసింది. "పొద్దున వరండాలో మీరే కదర్రా వాగారు!"

క్లాసంతా గొల్లున నవ్వింది. ఒక్క పిచ్చుక నవ్వలేదు.

పిచ్చుకకి పదమూడేళ్లు. సన్నగా ఉంటుందని వాళ్ల నాన్న పెట్టుకున్న పేరు, ఊరందరికీ అదే అలవాటైంది. కరెంటు పనిచేసే ఆ తండ్రి ఎనిమిది నెలల క్రితం స్తంభం మీదనుంచి పడి చనిపోయాడు. గంట కొట్టి అందరూ వెళ్లాక పిల్ల గొట్టం కొస పట్టుకుని నిలబడింది.

"ఇది గోడ అవతలినుంచి కూడా పనిచేస్తుందా టీచర్?"

"చేస్తుంది. ఎందుకే?"

పిచ్చుక నేల చూస్తూ చెప్పింది. వాళ్ల వీధిలో కొత్తగా ఒకాయన అద్దెకి దిగాడు. ఆయన దగ్గర నల్ల జాడీ ఉంది. ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు వేస్తే పోయినవాళ్లు అందులోంచి మాట్లాడతారు. నాన్న కూడా మాట్లాడాడు. పిల్లకి ఫిట్స్ వచ్చేది మాత్రల వల్లేనని, మానేయమని చెప్పాడు. పదకొండు రోజుల క్రితం అమ్మ మాత్రలన్నీ కాలవలో పారేసింది. నాలుగోరోజు స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి నాలుక తెగింది. జబ్బు బయటికి పోతోందని అమ్మ అంది.

"అది నాన్నేనని నీకెలా తెలుసని అమ్మని అడిగాను టీచర్, మీరు చెప్పినట్టే." చెంప తడుముకుంది. "మళ్లీ అడగను."

టీచర్ పిల్లకి ప్రశ్న ఇచ్చి ఇంటికి పంపింది, తోడు మాత్రం ఎవరినీ పంపలేదు.

"ఆదివారం నేను వస్తాను." ఆ మాట బల్ల మీది ఖాళీ నీళ్ల సీసాలోంచి వచ్చింది. పిచ్చుక సీసా వైపు చూసి తలూపింది.

ఆ సాయంత్రమే టీచర్ వాళ్లింటికి వెళ్లింది. పిచ్చుక తల్లి సబ్బుల ఫ్యాక్టరీనుంచి అప్పుడే వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"మాత్రలు వేసినప్పుడు కూడా ఒకసారి ఫిట్స్ వచ్చింది కదా టీచర్" అంది. "ఆయన పోయాక నన్ను 'తిన్నావా' అని అడిగిన మనిషి లేడు. ఆ జాడీ అడిగింది. దాన్ని కూడా తీసేస్తారా?"

టీచర్ వెనుదిరిగింది. మెట్లు దిగేసరికి ఎదురింట్లో దిగిన ఆ జాడీ మనిషి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

"బళ్లో ఆటలు బాగా ఆడిస్తున్నారట. మంచిదే. మీ ఆయనది మూల మీది గడియారాల కొట్టే కదా? అంతా అద్దాలే. చిన్న రాయి చాలు. జాగ్రత్త టీచర్."

నవ్వి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆమె పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. "నేను వస్తాను" అన్న మాట వీధి చివర చెత్తడబ్బాలో వినిపించింది.

శనివారం పోలీస్‌స్టేషన్‌కి వెళ్తే, "తల్లే మానిపించిందంటున్నారు, మేమేం చెయ్యాలమ్మా?" అన్నారు. భర్త ముందు వద్దన్నాడు. తర్వాత కొట్టులోని పెద్ద గడియారాలన్నీ లోపలికి సర్దాడు. "పద, నేనూ వస్తా" అన్నాడు.

ఆదివారం మూడింటికి ఆ గదిలో పదిమంది దాకా ఉన్నారు. అందరూ వీధిలోవాళ్లే. దట్టమైన కర్టెన్లు. నేల దాకా గుడ్డ కప్పిన బల్ల, దాని మీద జాడీ. టీచర్ భర్త పక్కన గోడవారగా కూర్చుంది. లేచి మర్యాదగా ఒక ప్రశ్న అడగాలి, గుడ్డ ఎత్తాలి. రాత్రంతా మనసులో పదిసార్లు చేసింది ఆ పని. ఇప్పుడు లేవలేకపోయింది.

"తిన్నావా?" అంది జాడీ బొంగురుగా.

పిచ్చుక తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తిన్నానండీ" అంది.

"మాత్రలు ముట్టనివ్వకు. ఇంకొక్కసారి పెద్దగా వస్తుంది. అప్పుడు పిల్లని గదిలో పెట్టి గొళ్లెం వెయ్యి. ఎవరినీ పిలవకు. దాంతో పీడ వదులుతుంది."

పిచ్చుక గబుక్కున తల్లి చెయ్యి పట్టుకుంది. తల్లి అయినా తలూపింది. ఆ ఊపు చూసి టీచర్ నోరు తెరిచింది. గాలి కూడా బయటికి రాలేదు.

జాడీ మాట్లాడింది. ఈసారి ఆడగొంతు, సన్నగా, వణుకుతూ. "గొళ్లెం వేస్తే జబ్బు పోతుందని నీకెలా తెలుసు?"

టీచర్ గొంతు సంగతి తెలిసిన వీధిలోవాళ్లు ఆమె వైపు తిరిగారు. "పాపం, బాగా భయపడ్డట్టుంది" అంది ఒక ముసలమ్మ, పక్కకి జరిగి గాలి తగలనిస్తూ. ఎవరో కిటికీ తీయబోయారు.

జాడీలో ఏమీ లేదని ఖాయంగా తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కడే. ఆ ఇస్త్రీ చొక్కా మనిషి ముఖం పాలిపోయింది. గోడ తగిలేదాకా వెనక్కి నడిచాడు.

"చెప్పు" అంది జాడీ. "నీకెలా తెలుసు?"

వెంటనే అదే జాడీలోంచి మూడో గొంతు, బొంగురంతా పోయిన కుర్ర గొంతు కేకేసింది. "బావా! గొట్టంలో ఎవరో ఉన్నారు బావా! నా వల్ల కాదు, నే పోతున్నా!"

గోడ అవతల కుర్చీ పడింది. తలుపు దబ్బున కొట్టుకుంది. వీధిలోకి ఎవరో పరుగెత్తిన చప్పుడు. పిచ్చుక లేచింది. బల్ల గుడ్డ ఎత్తి, కింద కూర్చుని, గొట్టం పట్టుకుని లాగింది. బారలు బారలుగా వచ్చింది. చివర్న గరాటు గోడ కన్నానికి తట్టుకుని ఆగింది.

"అమ్మా" అంది.

తల్లి ఏడవలేదు. కూతురి పక్కన నేల మీద కూర్చుంది. గొట్టం చేతిలోకి తీసుకుని, కొస నోటి దగ్గర పెట్టుకుని, "ఏమండీ" అని మెల్లగా పిలిచింది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు విన్నది.

సోమవారం పొద్దున తల్లీ కూతురూ టీచరూ ఆసుపత్రి వరసలో కూర్చున్నారు. డాక్టర్ చీటీ చూసి కసిరాడు. "పద్నాలుగు రోజులు మానేశారా? ప్రాణం పోయేదమ్మా! చెప్పింది వినడానికేం?"

పిచ్చుక తల్లి కుర్చీ అంచున కూర్చుంది. టీచర్ ఏదో అనబోయేసరికి వద్దన్నట్టు చేత్తో ఆపింది.

"వింటూనే ఉన్నాను బాబూ. అందరిదీ విన్నాను. ఈ మాత్ర నా బిడ్డకి పనిచేయకపోతే, ఆ సంగతి నాకు తెలిసేదెలా?"

డాక్టర్ కలం కింద పెట్టాడు. బయట జనం ఉన్నా కుర్చీ ముందుకి లాక్కున్నాడు. గోడకున్న క్యాలెండర్ తీసి ఆమె ముందు పరిచాడు.

"ఫిట్స్ వచ్చిన ప్రతిరోజూ ఇక్కడ గుర్తు పెట్టండి. ఒకట్రెండు రావచ్చు. మూడు నెలల తర్వాత తెండి. గుర్తులు తగ్గకపోతే నేనిచ్చిన మందు సరైంది కాదన్నమాట. మారుస్తాను. మీరు మాత్రం మధ్యలో ఆపొద్దు."

"అయితే మీరూ తప్పు చేసే వీలుంది."

"ఉందమ్మా."

జాడీ ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆమె క్యాలెండర్ మడిచి సంచిలో పెట్టుకుని, డాక్టర్ ఇచ్చిన మాత్ర విప్పి కూతురి అరచేతిలో పెట్టింది.

"నాకు భయంగానే ఉందే" అంది.

"నాకూ అంతే అమ్మా" అంది పిచ్చుక. నీళ్లు తాగి మాత్ర మింగింది.