గోడ మీది దేవుళ్లు

యూనివర్సిటీలో ఇరవై ఆరేళ్లుగా ఒకే పాఠం చెబుతున్నాను: మంచిగా ఉండడానికి దేవుడి భయం అక్కర్లేదు, ఎదుట మనిషి ఉన్నాడన్న స్పృహ చాలు. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో దించుతారు. ఈమధ్య చెబుతుంటే నాకే ఆవలింతలు వస్తున్నాయి.

తార్నాకలో మా అపార్ట్‌మెంట్ పక్క సందు గోడ దారిన పోయేవాళ్లందరికీ మూత్రశాల. వాచ్‌మన్ గట్టయ్య భార్య లింగమ్మ రోజూ పొద్దున్నే ముక్కుకు కొంగు కట్టుకుని కడిగేది. దేవుళ్ల బొమ్మల టైల్స్ అంటిద్దామన్నారు సెక్రటరీ రామాంజనేయులు గారు. నేను అడ్డుపడ్డాను. మర్యాదగా చెబితే మనుషులు వింటారని నెల గడువు అడిగి, నా చేత్తోనే గోడ మీద విన్నపం రాశాను. నెలంతా జనం దాన్ని చదువుతూనే పని కానిచ్చారు.

"ఏం సార్, జనం మారినారా?" అని నవ్వారు రామాంజనేయులు గారు. టైల్స్ వచ్చాయి. వారంలో గోడ ఎండిపోయింది. నా పరువు పోతే పోయింది, లింగమ్మకు చాకిరీ తప్పింది అనుకున్నాను.

తప్పలేదు. టైల్స్ అయిపోయిన చోటికి పది అడుగుల అవతల వాళ్ల గది ఉంది. వాకిలి సందులోకే. ఇప్పుడు ఆ గది గోడ తడుస్తోంది. వాసనకు వంట చేసుకోలేకపోతున్నామని, తలుపు మూస్తే ఊపిరాడట్లేదని, చదువుకున్నవాణ్ని కాబట్టి ఏదైనా ఉపాయం చెప్పమని లింగమ్మ నన్నే అడిగింది.

ఆ సాయంత్రం సందులో నిలబడ్డాను. భుజాన ఆఫీసు బ్యాగుతో ఒకతను వచ్చాడు. టైల్స్ చూసి, చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. మళ్లీ చెప్పులేసుకుని, పది అడుగులు నడిచి, లింగమ్మ గోడవైపు తిరిగాడు. నాకు ఒళ్లు మండింది. ఇక్కడ మనుషులున్నారు, కనబడట్లేదా అని అరిచాను.

అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "సారీ సార్, ఎవరు లేరనుకున్న" అన్నాడు.

లింగమ్మ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. అతనికి నాలుగడుగుల దూరంలో.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి టైల్స్ కొట్టుకు వెళ్లాను. ఏ దేవుడు కావాలని అడిగారు. ఎవరైనా సరే, జనం భయపడేవాడైతే చాలన్నాను. సిగ్గేసింది గానీ, వాదించే ఓపిక లేదు.

వాళ్ల గది గోడకు నేనే సిమెంటు పూసి అంటించాను. లింగమ్మ తాపీ అందించింది, టైలును కొంగుతో తుడిచింది. దండం పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. తన గదివైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది.

"ఇగ మేం గూడ ఉన్నట్టే సారూ" అంది.