ఎరువు గుంట

"కూర్చుని చేసే పనేగదా, అంత ఆయాసమేటే?"

వంగ మడిలో కలుపు పీకుతున్న సత్యలక్ష్మిని వరండాలోంచి అడిగాడు గురునాథరావు. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఫిట్టరు. సైరను మోగితే వెళ్ళి, మళ్ళీ మోగితే వచ్చేది మాత్రమే ఆయన లెక్కలో పని. నిలబడి వండిందీ, వంగి ఉతికిందీ ఆ లెక్కలోకి రావు.

ఆ ఊరు పుట్టి పట్టుమని పదేళ్ళు కాలేదు. క్వార్టర్ల మధ్య ఈ కలుపు మొక్కని నిరుటి దాకా ఎవరూ చూడలేదు. క్యారెట్ ఆకులాంటి ఆకు, నూకల్లాంటి తెల్లపూలు. ఇక్కడివాళ్ళు గాజర్ ఘాస్, అంటే క్యారెట్ గడ్డి, అంటున్నారు. చరోదా రైల్వే యార్డు పట్టాల వెంట మొదలై గుమ్మాల దాకా వచ్చేసింది. పీకితే చేతులు దద్దుర్లెక్కి ఒకటే మంట.

నిరుడు సత్యలక్ష్మి పీకిన మొక్కల్ని తగలెయ్యబోతే, "పచ్చాకు పాడుచేస్తావేటే" అంటూ మొగుడు పూలతో సహా ఎరువు గుంటలోకి తోసేశాడు. ఈ ఏడు ఆ ఎరువు వేసిన వంగ మడి నిండా, బెండ మడి నిండా అదే మొక్క. ఎరువు వెయ్యకుండా వదిలేసిన కొత్తిమీర మడిలో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆమె ఆ మడుల మధ్య నిలబడి చాలాసేపు చూసింది. గింజ ఎరువులోనే ఉంది. ఎరువు ఏ ఇంటికెళ్తే ఆ ఇంటికెళ్తుంది.

వానలకి ముందు, కాలనీ పోటీలో బహుమతొచ్చిన తోట ఎరువుని నలుగురికీ పంచడం వాళ్ళ వీధి ఆనవాయితీ. బహుమతి గురునాథరావు పేరున. తట్టలు నింపేది సత్యలక్ష్మి.

"ఫోర్‌మన్‌గారికి బండెడు ఇస్తానని మాటిచ్చీసేను. ఆదివారం వస్తారు, నింపీ."

"అందులో గింజుందండీ. ఆళ్ళ తోటంతా పాడైపోతాది."

"నీకేటి తెలుసునే? కుళ్ళిపోయిన గింజ మొలుస్తాదా? నా పరువు తియ్యకు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పరువేమో ఆయనది, దురదేమో తనది.

ఆదివారం ఫోర్‌మన్ నరసింగరావు, ఆయన భార్య వరలక్ష్మమ్మ తోపుడుబండివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. గురునాథరావు తట్ట తెమ్మన్నాడు. సత్యలక్ష్మి వట్టి చేతులతో వచ్చింది.

"ఈ ఎరువు పట్టుకెళ్ళకండి వదినగారూ. నిండా కలుపు గింజే."

"దాని మాటలకేటి గానీ సార్, నేనెత్తుతాను" అని గురునాథరావు, ఆ తోట వేశాక మొదటిసారి, పార అందుకున్నాడు.

సత్యలక్ష్మి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని గుంటలోకి దిగింది. ఎరువు మీద కాళ్ళూనుకుని నిలబడింది. పార గాల్లోనే ఆగిపోయింది.

"పైకి రావే, పిచ్చిదానా! సార్ చూస్తన్నారు."

"చూడనీండి. నేను రాను."

దద్దుర్లెక్కిన చేతులు రెండూ వరలక్ష్మమ్మ ముందుకి చాపింది.

"మాటలిచ్చుకునేది ఆళ్ళు వదినా. పీకాల్సింది మనం."

నరసింగరావు ఇబ్బందిగా నవ్వి ఏదో అనబోయాడు. వరలక్ష్మమ్మ ఆయన వైపు చూడనే లేదు.

"బండి వాపస్ తిప్పు, భయ్యా" అంది బండివాడితో.