గాలి లేని పొట్ట

జపాన్‌లోని సురుగా అఖాతంలో పొద్దున్నుంచీ వల లాగుతూనే ఉన్నారు. చినామి ఒకచోట కుదురుగా నిలబడలేకపోతోంది. హెదా రేవులో ఆమె పనిచేసే చేపల ప్రదర్శనశాలలో ఒక తొట్టి ఖాళీగా ఉంది. రేపు బడిపిల్లలు వస్తారు. ఆలోగా బతికున్న గింజామే ఒక్కటైనా దొరకాలి. ఈ పడవ నడిపే నాన్న షిగెజో నలభై ఏళ్లుగా పనికిరాదని సముద్రంలోకి విసిరేస్తున్న చేప అది.

ఐదు వందల మీటర్ల లోతు నుంచి వల పైకొచ్చింది. పాత పనివాడు తోమెకిచి రొయ్యల కుప్పలోంచి ఒకదాన్ని ఎత్తి పట్టుకున్నాడు. ఎలుక తోక, కుందేలు పళ్లు, ఆకుపచ్చగా మెరిసే పెద్ద కళ్లు.

"ఇదిగో అమ్మాయ్, పెళ్లికొడుకు. మొహం చూసి వద్దనకు."

"రవ్వంత వెలుగున్నా చాలు, దానికి కనిపిస్తుంది మామయ్యా. నీకు కళ్లద్దాలున్నా కనపడదు."

చినామి చేపను మంచునీళ్ల పెట్టెలో వదిలి, ఎండ తగలకుండా కప్పడానికి నల్లగుడ్డ కోసం పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి షిగెజో చుక్కాని వదిలి వచ్చి, పెట్టె మీదికి వంగి ఉన్నాడు. చేతిలో లావుపాటి సూది.

"పొట్ట ఉబ్బింది. గాలి తీసేశాను, ఇక బతుకుతుందిలే" అన్నాడు. లోతు నుంచి వచ్చే ఎర్రచేపలకు ఎప్పుడూ చేసే పనే.

నీళ్ల మీద పసుపుపచ్చని నూనె తేలుతోంది.

"నాన్నా, దీనికి గాలితిత్తి ఉండదు. ఇది సొరచేపకు చుట్టం. కార్జం నిండా నూనె. దాంతోనే తేలుతుంది."

షిగెజో వల వేయడం ఆపించి, చుక్కాని గదిలోకి తిరిగి వెళ్లి పడవను రేవు వైపు తిప్పాడు. చినామి చేపను నిటారుగా పట్టుకుని కూర్చుంది. చన్నీళ్లలో వేళ్లు మొద్దుబారాయి. "ఊపిరుందా?" అని ఆయన రెండుసార్లు కేకేసి అడిగాడు. మూడోసారి అడిగేసరికి, "పోయింది నాన్నా" అంది.

షిగెజో బయటికొచ్చాడు. "కోసి చూపించు."

చినామి కోసింది. పొట్టలో సగానికి పైగా పాలిపోయిన కార్జమే. షిగెజో ఒక ముక్క నీళ్ల బకెట్లో వేశాడు. తేలింది. వేలితో అడుక్కి నొక్కాడు. మళ్లీ పైకొచ్చింది.

"ఇన్నేళ్లలో ఒక్కదాన్నయినా కోసి చూడలేదు" అన్నాడు.

చినామి సూర్యుడి వైపు చూసింది. పొద్దుగూకడానికి ఇంకా రెండు గంటలుంది.

"నాన్నా, ఇంకో వల వేద్దామా?"

"వేద్దాం. ఈసారి నేను చుక్కాని వదిలి రాను" అని పడవను మళ్లీ లోతు వైపు తిప్పాడు.